ఆ మీటరు ఎవరిది?

మన చట్టాల్లో మనిషిని ఒక విచిత్రమైన కోరిక కోరే నిబంధన ఉంది. స్థలం నీదే, రిజిస్ట్రేషను నీ పేరునే, పన్ను కట్టేదీ బ్యాంకు అప్పు తీర్చేదీ నువ్వే. అయినా నాలుగు వైపులా ఇంత మేర నువ్వు కట్టడానికి వీల్లేదు అంటుంది. టౌన్ ప్లానింగ్ వాళ్ళు దాన్ని సెట్‌బ్యాక్ అంటారు, మేస్త్రీలూ అదే మాట అంటారు. విజయవాడలో ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ ఆ ఖాళీ గురించి ఒక రాత్రయినా నిద్ర పోగొట్టుకునే ఉంటాడు. గజం ధర తెలిసినవాడికి ఆ మీటరు వదలడం అంటే మెట్లగది తగ్గించుకోవడం, లేకపోతే పిల్లల గది తగ్గించుకోవడం.

ఆ బాధ నాకు అర్థమవుతుంది. అర్థం కానిది ఇంకొకటి. ఆ ఖాళీ ఎంత ఉండాలో చెప్పే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? హద్దు దాటగానే అది ఎందుకు మారుతుంది?

బందరు రోడ్డు మీద బెంజి సర్కిల్ దాటి తూర్పుగా వెళ్తుంటే పటమట, ఆటోనగర్ గేటు, ఆ తర్వాత కానూరు, తాడిగడప, పోరంకి వస్తాయి. మధ్యలో ఎక్కడా ఇళ్ళు ఆగవు. చీరల షోరూములు, టిఫిన్ సెంటర్లు, కాలేజీ బోర్డులు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. ఊరు ఎక్కడ అయిపోయిందో ఆటో డ్రైవరు కూడా చెప్పలేడు. కాగితం మీద మాత్రం ఎన్నెన్ని గీతలో! పటమట విజయవాడ కార్పొరేషనులోది, ఎన్టీఆర్ జిల్లాలోది. కానూరు తాడిగడప మున్సిపాలిటీలోది, కృష్ణా జిల్లాలోది. ప్రకాశం బ్యారేజీ మీద కిలోమీటరు పైచిలుకు దూరం దాటితే మంగళగిరి-తాడేపల్లి కార్పొరేషను, గుంటూరు జిల్లా. ఇంకాస్త పైకి వెళ్తే అమరావతి. దాని మాస్టర్ ప్లాను వేరు, జోనింగ్ నిబంధనలు వేరు. ఒకే బెజవాడ ఎండ కింద, ఒకే కృష్ణ నీళ్ళు తాగుతూ, ఇన్ని ఏలుబడుల్లో బతుకుతున్నాం.

ఈ గీతలేమీ శిలాశాసనాలు కావు. కానూరు, యనమలకుదురు, తాడిగడప, పోరంకి మొన్న మొన్నటిదాకా పంచాయతీలే. 2020 ఆఖర్లో నాలుగింటినీ కలిపి మున్సిపాలిటీ చేశారు. అంతెందుకు, ఇవాళ నగరం నడిబొడ్డు అనుకుంటున్న పటమట, గుణదల, భవానీపురం కూడా 1985 దాకా పంచాయతీలు. 1888లో మున్సిపాలిటీగా మొదలైన బెజవాడ, పక్క ఊళ్ళను ఒక్కొక్కటిగా తనలో కలుపుకుంటూ వచ్చింది. కలిసిన ఊరల్లా తన పాత ఇళ్ళను, పాత సందులను, పాత లెక్కలను వెంటబెట్టుకునే వచ్చింది.

పంచాయతీలో కట్టే ఇంటికి నిబంధనలు రాసేది పంచాయతీరాజ్ శాఖ. 2002లో వాళ్ళు ప్రత్యేకంగా లేఅవుట్, భవన నిబంధనలు చేసుకున్నారు. పట్టణంలో ఇంటికి రాసేది మున్సిపల్ శాఖ. ఈ రెంటి మీదా 1978 నుంచి పట్టణాభివృద్ధి సంస్థ ఉడా ఉండేది, 2014 ఆఖరు నుంచి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్డీఏ. ఇల్లు ఒకటే, దాని గోడ పక్కింటి గోడకు ఎంత దూరంలో ఉండాలో చెప్పే పెద్దలు ముగ్గురు. అందుకే ఈ ప్రాంతంలో పాతికేళ్ళుగా ఇల్లు కొనేవాడు మొదట అడిగే ప్రశ్న 'ఇల్లు ఎలా ఉంది' అన్నది కాదు, 'పంచాయతీ ప్లానా, ఉడా ప్లానా' అన్నది. ధర కూడా ఆ జవాబును బట్టే ఉండేది.

ఈ గందరగోళాన్ని సరిచేయాలని ఉమ్మడి రాష్ట్రం 2012 ఏప్రిల్‌లో 168 నంబరు జీవో తెచ్చింది. అన్ని పట్టణాలకూ ఒకే పట్టిక. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ 2017 మార్చిలో 119 నంబరు జీవోతో తన సొంత నిబంధనలు రాసుకుంది. తెలంగాణ పాత జీవోనే సవరించుకుంటూ, 2020లో దాని మీద టీఎస్ బీపాస్ చట్టం తెచ్చింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించని ఇంటికి అసలు అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలంది. సరిహద్దుకు ఇటు జగ్గయ్యపేటలో ఒక అన్న, అటు కోదాడలో ఒక తమ్ముడు ఇళ్ళు కట్టుకుంటున్నారనుకోండి. ఇద్దరి నిబంధనలకూ తల్లి ఒకే జీవో. పిల్లలు మాత్రం వేరు కాపురాలు పెట్టారు.

సరే, మన వైపు అంకెలు ఒకచోటికి వచ్చాయి కదా, ఇంకేం సమస్య అనవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ 2012 నాటి ఆ ఒకే పట్టికను నెమ్మదిగా చదివితే, ఊరి పొలిమేర అందులోంచి పోలేదని తెలుస్తుంది. నదికి వదలాల్సిన ఖాళీ దగ్గరే అది బయటపడుతుంది.

2012 నిబంధనల ప్రకారం, మున్సిపల్ హద్దుల బయట నది అంచు నుంచి 100 మీటర్ల లోపు ఏమీ కట్టకూడదన్నారు. హద్దుల లోపలైతే 50 మీటర్లు చాలన్నారు. ఒక్కసారి ఆగి ఆలోచించండి. కృష్ణలంక, రామలింగేశ్వరనగర్ కార్పొరేషనులోవి, అక్కడ నదికి 50 మీటర్లు. వాటిని ఆనుకుని దిగువన ఉన్న యనమలకుదురు పంచాయతీగా ఉన్నంతకాలం నదికి 100 మీటర్లు. 2020లో ఆ ఊరు మున్సిపాలిటీలో కలిసింది. ఆ వాక్యాన్ని అక్షరాలా చదివితే, ఒక్క సంతకంతో నదికి ఇవ్వాల్సిన మర్యాద సగానికి సగం తగ్గిపోయింది. కృష్ణమ్మ అంగుళం కదల్లేదు, ఆమె గట్టు కదల్లేదు. కదిలింది మనం గీసిన గీత.

దీనికి సమర్థన లేకపోలేదు. నగరంలో స్థలం కరువు, జనం ఎక్కువ, అప్పటికే అక్కడ ఇళ్ళున్నాయి, కాబట్టి కొంత సడలించారు అంటారు. ఆ మాట మనుషుల వైపు నుంచి న్యాయంగానే ఉంది. కృష్ణలంకలో తరాల నుంచి ఉన్నవాళ్ళు ఈ నిబంధన కంటే ముందు పుట్టారు. వాళ్ళ ఇంటికి వెళ్ళి 'మీరు నదికి దగ్గరగా ఉన్నారు' అని చెప్పడం, తాతను పిలిచి 'నువ్వు మనవడి కంటే ముందెందుకు పుట్టావు' అని అడగడమే. కానీ నీటి వైపు నుంచి చూస్తే లెక్క తలకిందులవుతుంది. వరద వస్తే ఎక్కువ మందికి ప్రమాదం ఎక్కడ? ఎక్కువ మంది ఉన్నచోటే. జాగ్రత్త ఎక్కువ ఉండాల్సిన చోట దూరం తక్కువ పెట్టాం.

2024 సెప్టెంబరు మొదటివారంలో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి. కృష్ణలంకను ఆ రోజు కాపాడింది సెట్‌బ్యాక్ కాదు, కాంక్రీటు రిటైనింగ్ వాల్. వదలని దూరానికి బదులుగా కట్టిన ఎత్తు అది. అసలు నది అంచు అంటే ఎక్కడ? మే నెలలో బ్యారేజీ దిగువన ఇసుక మేటల మీద పిల్లలు క్రికెట్ ఆడేచోటా, సెప్టెంబరులో గోడను తాకిన చోటా? టేపు పట్టుకుని కొలవాలంటే ఒక కొస ఎక్కడో ఒకచోట ఆన్చాలి. డెల్టాలో ఆ కొస ఏటా జారిపోతూనే ఉంటుంది.

అదే వారం బుడమేరు వాగు నేర్పింది ఇంకా పెద్ద పాఠం. గండ్లు పడ్డది ఎగువన కొండపల్లి వైపు డైవర్షన్ చానల్ కట్టకు. మునిగింది విజయవాడ సింగ్‌నగర్. ఎగువన ఉన్నది ఒక పాలనలో, దిగువన ఉన్నది ఇంకో పాలనలో. పది మీటర్ల కంటే వెడల్పయిన వాగుకూ కాలువకూ 9 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 2 మీటర్లు వదలాలని పుస్తకంలో ఉంది. నేను వాగుకు వదలకపోతే ముందుగా మునిగేది నేను కాదు, నాకు ఓటు హక్కు లేని ఊరివాడు. అతనికి నా ఊరి టౌన్ ప్లానింగ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకునే గుమ్మం కూడా లేదు. సెట్‌బ్యాక్ అంటే పక్కింటివాడి కోసం వదిలేది అని అనుకుంటాం. ఆ పక్కిల్లు పది కిలోమీటర్ల దూరంలో కూడా ఉండవచ్చని బుడమేరు చూపించింది.

నది సంగతి అలా ఉంచి ఇళ్ళ మధ్యకు వద్దాం. అక్కడ ఉన్న హద్దు ఊరిది కాదు, స్థలం సైజుది.

2012 పట్టికలో, 50 చదరపు మీటర్ల లోపు స్థలానికి ముందు మీటరున్నర వదిలితే సరి, పక్కలా వెనకా ఏమీ వదలక్కర్లేదు. 50 చదరపు మీటర్లంటే అరవై గజాలు. 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలానికి పక్కలా వెనకా మీటరు. 200 నుంచి 300 వరకు 10 మీటర్ల ఎత్తు కడితే మీటరున్నర. స్థలం పెరిగేకొద్దీ ఖాళీ పెరుగుతుంది. చూడగానే న్యాయంగా అనిపిస్తుంది, ఉన్నవాడు ఎక్కువ వదలాలి అన్నట్టు.

కాగితం మీద ఓ చిన్న లెక్క వేస్తే ఆ నమ్మకం కొంచెం సడలుతుంది. ఆరు మీటర్ల ముఖం, ఇరవై మీటర్ల లోతు ఉన్న స్థలం తీసుకోండి. బెజవాడ చుట్టుపక్కల ఇలాంటి పొడుగాటి బిట్లు చాలా ఉంటాయి. మొత్తం 120 చదరపు మీటర్లు. ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున తీసేస్తే కట్టుకోవడానికి నాలుగు మీటర్ల వెడల్పు, పదిహేడున్నర మీటర్ల పొడవు మిగులుతుంది. అంటే 70 చదరపు మీటర్లు. వదిలింది 50, నూటికి 42 వంతులు. ఇప్పుడు పన్నెండు మీటర్ల ముఖం, అదే ఇరవై మీటర్ల లోతు ఉన్న స్థలం. అదే 10 మీటర్ల ఎత్తుకు ముందు రెండు మీటర్లు, మిగతా వైపులా మీటరున్నర వదిలితే పోయేది నూటికి 38 వంతులు. స్థలం రెట్టింపు ఉన్నవాడు వదిలింది వంతులో తక్కువ. ఇరుకు ముఖం ఉన్నవాడికి ప్రతి మీటరూ గదిలోంచి కోసి ఇచ్చినట్టే. పట్టిక రాసినవాళ్ళకు దురుద్దేశం ఉందని నేను అనను. మీటర్లలో ఆలోచించేవాడికి వంతులు కనబడవు, అంతే.

ఆ పట్టిక మొదటి వరస నన్ను ఇంకా ఇబ్బంది పెడుతుంది. 2020 డిసెంబరు నుంచి ప్రభుత్వం పేదలకు పంచిన ఇళ్ళ పట్టాలు పట్టణంలో ఒక సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటంటే నలభై చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. ఇక్కడా పొలిమేరే కొలబద్ద. తర్వాత వచ్చిన ప్రభుత్వం పట్టణంలో రెండు, పల్లెలో మూడు అంది. కొలత పెరిగింది కానీ గీత అలాగే ఉంది. సెంటు స్థలం కచ్చితంగా ఆ మొదటి వరసలో పడుతుంది. పక్కన ఏమీ వదలక్కర్లేదు.

ఇది దయా? దయే. సెంటు స్థలంలో నాలుగు వైపులా మీటరు తీసేస్తే మిగిలేది వంటగది. కాబట్టి వదలొద్దు, ఉన్నదంతా వాడుకో అనడం మానవత్వమే. కానీ అదే వాక్యాన్ని ఇంకోవైపు నుంచి చదివితే, పేదవాడి కిటికీకి ఎదురుగా గాలి ఉండక్కర్లేదు అని కూడా వినబడుతుంది. గాలి అవసరం స్థలం సైజును బట్టి ఉంటుందా? రోహిణి కార్తెలో రేకుల కప్పు కింద ఉన్నవాడి ఊపిరితిత్తులకు కావలసిన గాలి, ఏసీ గదిలో ఉన్నవాడి కంటే తక్కువా? ఈ రెండు అర్థాల్లో ఏది నిజమో నేను తేల్చలేను. రెండూ నిజం కావడమే ఇందులో ఉన్న కష్టం. తప్పు ఆ వరసలో లేదు. సెంటు చాలునని ముందే అనుకున్న మనసులో ఉంది. అది నిర్ణయమయ్యాక ఎంత మంచి పట్టిక రాసినా ఇలాగే వస్తుంది.

ఇంతకీ ఖాళీ ఇంటి బయటే ఉండాలని ఎవరన్నారు? మన డెల్టా ఊళ్ళలో మండువా లోగిళ్ళు చూసినవాళ్ళకు తెలుసు. ఆ ఇళ్ళు ఖాళీని లోపల పెట్టుకునేవి. నాలుగు వైపులా వసారాలు, నడిమధ్య ఆకాశం. వాన పడితే ఇంట్లోనే పడేది, వెన్నెల వస్తే ఇంట్లోకే వచ్చేది. పక్కింటికీ మనకూ ఉమ్మడి గోడ ఉన్నా ఊపిరాడకపోవడం అంటూ ఉండేది కాదు. విజయవాడ వన్‌టౌన్ పాత సందుల్లో కూడా ఇళ్ళు భుజాలు కలిపే నిలబడ్డాయి. ఆ సందులకు నేటి నిబంధన పెడితే ఒక్క ఇల్లూ పాసవ్వదు. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం ఒంటిగంటకు బందరు రోడ్డు మీద నడిచి చూడండి, తర్వాత వన్‌టౌన్ ఇరుకు సందులో నడిచి చూడండి. నీడ ఎక్కడుందో ఒంటికే తెలుస్తుంది. బ్లేజ్‌వాడ అని పేరు పెట్టుకున్న ఊళ్ళో దూరం కంటే నీడకు విలువ ఎక్కువ కావచ్చు.

పాతదంతా బంగారం అనడం లేదు. మండువా ఇల్లు కలిగినవాళ్ళది. ఆ లోగిలి ఊడ్చినవాళ్ళ గుడిసెకు లోపలా ఖాళీ లేదు, బయటా లేదు. నిప్పంటుకుంటే వాడ వాడంతా తగలబడిన రోజులు డెల్టాకు కొత్త కాదు. ఇల్లు ఇల్లూ మధ్య దూరం ఉండాలనడంలో ఆ భయం కూడా ఉంది, అది నిజమైన భయం. నా అనుమానం ఒక్కటే. లోపల ఉన్న ఖాళీని అందరూ ప్రేమించారు, తులసి కోట కట్టారు, ముగ్గు పెట్టారు. బయట పెట్టించిన మీటరు ఖాళీని ఎవరూ ప్రేమించలేదు. దాన్ని చూడండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, డ్రైనేజీ చాంబరు, పాత టైర్లు, మిగిలిపోయిన టైల్స్, రెండు కాంపౌండు గోడల మధ్య ఎవరూ ఊడ్వని ఆకులు. చట్టం ఖాళీని పుట్టించగలిగింది కానీ దానికి యజమానిని పుట్టించలేకపోయింది. కాగితం ప్రకారం అది నాదే. కానీ వాడుకోవడానికి లేదు కాబట్టి నాది అనిపించదు. పక్కింటాయనకు గాలి వచ్చేది అందులోంచే, కాగితంలో ఆయన పేరు లేదు కాబట్టి ఆయనదీ కాదు.

ఖాళీ మీద మనకు ప్రేమే లేదనీ చెప్పలేం. వాస్తు చెప్పిందంటే ఈశాన్యంలో నాలుగడుగులు సంతోషంగా వదిలేస్తాం. తూర్పూ ఉత్తరమూ ఎక్కువ, పడమరా దక్షిణమూ తక్కువ. మున్సిపాలిటీ అడిగితే అన్యాయం అనిపించే ఖాళీ, వాస్తు సిద్ధాంతి అడిగితే శుభం అయిపోతుంది. వింతేమిటంటే నా తూర్పు ఖాళీ నా పక్కింటాయనకు పడమటి గాలి. ఇద్దరం వాస్తు కోసం వదిలింది ఒకరికొకరికి ఉపయోగపడింది. దాన్ని పక్కింటాయన కోసం వదులుతున్నాను అని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

కానూరు వైపు పనిచేసే ఓ మేస్త్రిని అడిగాను, "ఏం మేస్త్రీ, సెట్‌బ్యాక్ వదిలారా?" అని. "ఎందుకు వదల్లేదండీ, ప్లానులో వదిలాం కదా" అన్నాడు, ఏమాత్రం నవ్వకుండా. అతని మాటలో అబద్ధం లేదు. విజయవాడ చుట్టూ వందలాది ఇళ్ళకు ఖాళీ ప్లానులోనే ఉంది.

ఆ కట్టేసిన ఖాళీకి ప్రభుత్వాలు కనిపెట్టిన మార్గం బీపీఎస్, అంటే భవనాల క్రమబద్ధీకరణ. 2007 ఆఖర్లో ఒకసారి, ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఒకసారి, 2019లో మరోసారి. కట్టినదానికి ఇంత అని రుసుము కడితే అక్రమం సక్రమం అవుతుంది. మధ్యతరగతివాడు ఊపిరి పీల్చుకున్నాడు, ఖజానా నిండింది. కట్టిన ఇళ్ళన్నీ కూలగొట్టమని ఎవరూ అనలేరు. ఒక జీవితకాలపు అప్పు అందులో ఉంటుంది. కూల్చడం న్యాయం కావచ్చు, ధర్మం అవుతుందో లేదో నాకు తెలియదు. 2019 జూన్‌లో ఉండవల్లి కరకట్ట మీద ప్రభుత్వ సమావేశ మందిరం ప్రజావేదికను కూల్చినప్పుడు రాష్ట్రమంతా రెండుగా చీలి వాదించుకుంది. కృష్ణ కరకట్ట మీద నిబంధనకు అప్పుడు దొరికినంత ప్రచారం ముందూ లేదు, తర్వాతా లేదు. ఒక్క కట్టడం మీద చూపిన పట్టుదల నది పొడవునా కనబడలేదు. నిబంధన ఒక్కచోటే మెలకువగా ఉంటే జనం దాన్ని నిబంధన అనరు, కక్ష అంటారు.

ఇక్కడే నాకు అసలు చిక్కు కనబడుతోంది. నేను మీటరు వదలకుండా కట్టాననుకోండి. నష్టపోయింది ఎవరు? పక్కింటాయన. ఆయన పడగ్గదికి గాలి ఆగింది, వంటింట్లో పగలు కూడా లైటు వేసుకోవాల్సి వచ్చింది, నా సన్‌షేడు మీద పడిన వాన ఆయన గోడకు చెమ్మ పట్టించింది. అపరాధ రుసుము ఎవరికి వెళ్ళింది? మున్సిపాలిటీకి. పోయింది ఆయన వెలుతురు, రసీదు ఇచ్చింది కమిషనరు ఆఫీసు. ఆయన్ను ఎవరూ పిలవలేదు, అడగలేదు. ఆయన సంతకం లేదు, ఆయన మాట లేదు. ఒక మనిషికి చెందాల్సిన దాన్ని తీసుకుని, దాని ఖరీదు ఇంకొకరికి కట్టి, లెక్క సరిపోయింది అనుకుంటున్నాం. ఇందులో డబ్బు ఎక్కువా తక్కువా అన్నది చిన్న విషయం. పక్కింటాయన అసలు ఈ కథలో పాత్రే కాకపోవడం పెద్ద విషయం.

ప్రపంచంలో ఈ నిబంధనలు ఎలా పుట్టాయో చూస్తే ఈ లోటు ఇంకా బాగా తెలుస్తుంది. న్యూయార్క్ 1916లో జోనింగ్ చట్టం చేసి, ఎత్తు పెరిగేకొద్దీ భవనం వెనక్కి తగ్గాలని ఎందుకంది? అంతకుముందు ఏడాది ఈక్విటబుల్ బిల్డింగ్ అనే పెద్ద కట్టడం లేచి చుట్టుపక్కల వీధుల మీద నీడ పరిచింది. నీడలో పడినవాళ్ళు గొడవ చేశారు. అంకె వెనక ఫిర్యాదు చేసిన మనిషి ఉన్నాడు. మనకు అంకె ముందు వచ్చింది, మనిషి ఇంకా రాలేదు.

మన దగ్గర ఆ మనిషి ఎప్పుడూ లేడా అంటే, ఉన్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి నుంచీ వర్తించిన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం పక్కింటివాణ్ణి గుర్తుపెట్టుకుంది. ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా కిటికీలోంచి గాలీ వెలుతురూ వచ్చి ఉంటే, అది ఆ ఇంటికి హక్కు అవుతుందంది. అది ఇంగ్లండు నుంచి వచ్చిన ఆలోచన. వెలుతురు కోసం మొహం వాచిన దేశం కాబట్టి వాళ్ళకు వెలుతురు ఆస్తిలా కనబడింది, మనకు గాలి అలా కనబడాలి. కానీ ఇరవై ఏళ్ళ సాక్ష్యం పట్టుకుని సివిల్ కోర్టు మెట్లు ఎక్కగలిగినవాడు ఎంతమంది? మున్సిపల్ ప్లాను పాసయ్యే దారిలో ఆ హక్కు గురించి అడిగేవాడే లేడు.

ఇంకా వెనక్కి వెళ్తే కౌటిల్యుడు ఉన్నాడు. అర్థశాస్త్రం మూడో అధికరణంలో ఇళ్ళ తగాదాల గురించి రాస్తూ, ఇంటికీ ఇంటికీ మధ్య కొన్ని పాదాల ఎడం ఉండాలన్నాడు, చూరునీళ్ళు ఎటు పోవాలో చెప్పాడు. అంతా చెప్పి, ఇళ్ళవాళ్ళు తమలో తాము మాట్లాడుకుని తమకు నచ్చినట్టు కట్టుకోవచ్చు, ఎవరికీ కీడు కలగకూడదు అన్న అర్థంలో ఓ వెసులుబాటు కూడా ఇచ్చాడు. దండనీతి రాసిన కఠినుడు కూడా ఈ విషయంలో రాజును రెండో స్థానంలో పెట్టి, ఇరుగుపొరుగును మొదటి స్థానంలో పెట్టాడు. నేను కౌటిల్యుడి భక్తుణ్ణి కాదు. వాడవాడకూ కులాన్ని బట్టి చోటు నిర్ణయించిన నగరం ఆయనది. ఇరుగుపొరుగు మాట్లాడుకోవడం అన్నప్పుడు ఆ ఇరుగుపొరుగులో ఎవరున్నారో, ఎవరు లేరో మనకు తెలుసు. అయినా ఆ ఒక్క మాట దగ్గర నాకు ఆయనతో పేచీ లేదు.

ఇలా మాట్లాడుకోవడానికి వదిలేస్తే బలవంతుడు బలహీనుణ్ణి నొక్కేయడా అని అడగవచ్చు. నొక్కేస్తాడు. పోరంకిలో నాలుగంతస్తుల గ్రూపు హౌస్ కట్టే బిల్డరూ, పక్కనే పెంకుటింట్లో ఉండే పెద్దావిడా సమానంగా కూర్చుని మాట్లాడుకోలేరు. అందుకే అంకె కావాలి. అంకె బలహీనుడికి కనీసపు గోడ. కానీ ఆ అంకె ఎందుకో ఆ పెద్దావిడకు తెలియాలి. బిల్డరు ప్లానులో ఆమె వైపు ఎంత ఖాళీ చూపించాడో ఆమె చేతికి కాగితం రావాలి. కట్టడం మొదలయ్యాక ఆ కాగితం చూపించి, "బాబూ, ఇక్కడ మీటరున్నర అన్నావు కదయ్యా" అని అడిగే హక్కు ఆమెకు ఉండాలి. ఇప్పుడు ఆ కాగితం బిల్డరు దగ్గర, ఆఫీసులో, బ్యాంకులో ఉంటుంది. ఉండాల్సిన నాలుగో చోట ఉండదు.

కాబట్టి నా తీర్పు ఇది. పటమటలో ఒక అంకె, యనమలకుదురులో ఇంకో అంకె, అమరావతిలో మరో అంకె ఉండటం తప్పు కాదు. నేల వేరు, రద్దీ వేరు, నీరు వేరు. అంకె వేరైతే దానికి కారణం ఆ నేలలోనో నీటిలోనో జనంలోనో చూపించగలగాలి. 'మాది మున్సిపాలిటీ, మీది పంచాయతీ' అన్నది కారణం కాదు, చిరునామా. నదికి మాత్రం ఊరిని బట్టి అంకె మార్చడం తప్పే, దాన్ని దిద్దాలి. క్రమబద్ధీకరణ పథకం మళ్ళీ ఎప్పుడు పెట్టినా, నష్టపోయిన పక్కింటివాళ్ళను పిలిచి వినకుండా ఏ దరఖాస్తూ పాస్ చేయకూడదు.

ప్రభుత్వం దిద్దేదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటుంది. ఈ ఏడాది మీరు ఇల్లు మొదలుపెడుతుంటే, శంకుస్థాపన కార్డు ఇవ్వడానికి పక్కింటికి ఎలాగూ వెళ్తారు. వెళ్ళినప్పుడు ప్లాను జిరాక్సు కూడా తీసుకెళ్ళండి. వాళ్ళ వైపు ఎంత వదులుతున్నారో వేలు పెట్టి చూపించండి. వాళ్ళ కిటికీలు ఎక్కడున్నాయో అడిగి, మీ కిటికీలూ బాత్రూం గొట్టాలూ ఎటు పెట్టాలో అప్పుడు నిర్ణయించుకోండి. ఆ జిరాక్సు వాళ్ళ దగ్గరే ఉంచి రండి.